ఊపిరికి ఉత్తర్వులు

కందలంక జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు అప్పటిదాకా ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నారు. కాకపోతే ఎవరి అనుమతీ లేకుండా, ఎవరికి తోచినట్టు వాళ్ళు పీల్చుకుంటున్నారు. ఈ సంగతి రాజధానిలో ఒక పెద్ద అధికారి కంట పడింది. ఆయన కొత్తగా ఏదో కొండ మీద ధ్యాన శిబిరానికి వెళ్ళి, మనశ్శాంతి పుచ్చుకుని దిగొచ్చాడు. మనశ్శాంతి దొరికిన మనిషి ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆయన తిన్నగా ఆఫీసుకెళ్ళి ఉత్తర్వు జారీ చేశాడు.

"పాఠశాలలయందలి బాలబాలికలు కోపము, ఏడుపు, అలుక ఇత్యాది భావోద్వేగములకు విచ్చలవిడిగా లోనగుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినది. కావున ఇకమీదట ప్రతి విద్యార్థియు నిర్ణీత వేళలయందు, నిర్ణీత విధముగా శ్వాసను పీల్చి, విడువవలెను. ఇందు నిమిత్తము ప్రతి పాఠశాలకు ఒక శ్వాసాధికారి నియమింపబడవలెను."

విడువవలెను అన్నారు కాబట్టి సరిపోయింది. ఆ ఒక్క మాట టైపిస్టు మర్చిపోయి ఉంటే హెడ్మిస్ట్రెస్ కమలాక్షిగారు పిల్లల చేత పీల్పించి అక్కడితో ఆపేసేవారు. పైనుంచి కాగితం వచ్చిందంటే అందులో ఉన్నది చెయ్యడమే తప్ప లేనిది చెయ్యడం ఆవిడ సర్వీసులో లేదు.

స్టాఫ్ రూములో ఆవిడ ఉత్తర్వు చదివి, కళ్ళజోడు పైనుంచి అందర్నీ కలయజూశారు. లెక్కల మాస్టారు ఫ్యాను వంక చూశాడు. తెలుగు మాస్టారు టిఫిన్ డబ్బా మూత బిగించడంలో మునిగిపోయాడు. తిరిగి తిరిగి ఆవిడ చూపు డ్రిల్లు మాస్టారు గవర్రాజు మెడలో వేలాడుతున్న విజిల్ మీద ఆగింది.

"గవర్రాజుగారూ, ఊపిరి మీ సబ్జెక్టే కదా?"

"నా ఒక్కడిదేంటండి మేడమ్? అందరూ పీలుస్తారు కదండీ!"

"ఈ బడిలో ఊదేది మీరు. పీల్చేది కూడా మీరే చూసుకోవాలి. సంతకం పెట్టండి."

గవర్రాజుకి ఒళ్ళు మండింది. ఎందుకు మండదూ? జిల్లా కబడ్డీ పోటీలు ముంచుకొస్తున్నాయి. చేతిలో ఉన్నది మామూలు జట్టు కాదు. అందులో టెన్త్ చదివే నూకరత్నం ఉంది. ముక్కు మీదే కోపం ఆ పిల్లకి. కూత అందుకుని గీత దాటిందంటే అవతలి పిల్లలు పట్టుకోవాలా పారిపోవాలా తెలీక ఒకళ్ళనొకళ్ళు పట్టుకునేవాళ్ళు. ఈసారి పోటీలకి క్రీడా పాఠశాల కోచ్ రోజ్‌మేరీ మేడమ్ స్వయంగా వచ్చి ఒక పిల్లని ఎంచుకుంటుందని కబురొచ్చింది. ఆ సీటు దొరికితే హాస్టలూ, తిండీ, చదువూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

దొరక్కపోతే ఏమవుతుందో నూకరత్నం తల్లి సత్తెమ్మ బడి గేటు దగ్గరే నిలబడి చెప్పేసింది. ఆవిడ రొయ్యల షెడ్డులో తొక్క వొలుస్తుంది.

"ఆ సీటు గానీ వత్తే కళ్ళకద్దుకుని పంపుతానండి మేష్టారూ. రాపోతే మాత్రం టెంతవ్వగానే సెడ్డుకి అట్టుకుపోతాను. నా సేతులు సూడండి, ఐసులో నాని నాని ఎలాగైపోయాయో. ఇంక నావల్ల కావట్లేదండి."

గవర్రాజు ఆ చేతులు చూశాడు. "వస్తుందమ్మా సీటు. నాదీ పూచీ," అనేశాడు. అన్నాక భయమేసింది గాని, అన్నమాట వెనక్కి రాదు కదా.

ఇక ఊపిరి మొదలైంది. పొద్దున్న ప్రార్థనలో ఒకసారి, ప్రతి పీరియడుకీ ముందొకసారి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి. భోజనం తర్వాత పీల్చిన వాళ్ళలో సగం మంది గురక పెట్టి మరీ విడిచేవాళ్ళు. అందులో తెలుగు మాస్టారు కూడా ఉండేవాడు.

పిల్లలు పీలుస్తున్నట్టు రుజువుగా శ్వాస యాప్‌లో ఫొటో పెట్టాలి. అందులో ఫొటో పడాలంటే పిల్లలు కళ్ళు మూసుకుని ఉండాలి. అంతకు ముందునుంచే ఉన్న హాజరు యాప్‌లో పడాలంటే కళ్ళు తెరిచి ఉండాలి. రెండూ బడి మొదలవగానే ఒక్కసారే పడాలి. కమలాక్షిగారు బాగా ఆలోచించి, సగం మందిని కళ్ళు తెరవమనీ, సగం మందిని మూసుకోమనీ ఆజ్ఞాపించారు. ఆ సోమవారం యాప్‌ల లెక్క ప్రకారం బడికి సగం మంది రాలేదు. వచ్చిన సగం మందికీ శాంతి లేదు.

దాంతో పైవాళ్ళకి అనుమానం వచ్చి ఇంకో కాగితం పంపారు. ప్రతి విద్యార్థి చొక్కాకీ ఒక రంగు బిళ్ళ తగిలించాలి. శాంతంగా ఉంటే పచ్చ, కోపం వస్తే ఎరుపు. ఎర్రబిళ్ళలు ఎక్కువైన బడికి శాంతి సూచిక పడిపోతుంది. సూచిక పడిపోతే హెడ్మిస్ట్రెస్ సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీ మాట వినగానే కమలాక్షిగారు ఎర్రబిళ్ళలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేశారు. ఆ రోజునుంచీ కందలంక బడిలో కోపం వచ్చే అవకాశమే లేకుండా పోయింది.

ఆరో తరగతి పిల్ల ఒకతి మెట్ల మీద జారిపడి మోకాలు చెక్కుకుపోతే, ముందు దీర్ఘశ్వాస, ఆ తర్వాతే అయోడిన్ అన్నారు. సోషల్ టీచరు పల్నాటి యుద్ధం పాఠం చెప్పి, "కోడిపందెం దగ్గర ఇరుపక్షాలూ ఊపిరి మీద ధ్యాస పెట్టి ఉంటే ఏమి జరిగి ఉండేది?" అని పరీక్షలో అడిగింది. "పాఠం ఉండేది కాదు," అని రాసిన కుర్రాడికి పూర్తి మార్కులు వచ్చాయి. ఇంతలో వివరణ పత్రం దిగింది. "నవ్వు సైతము భావోద్వేగమే యగుటచే, విద్యార్థులు పండ్లు కనబడని రీతిలో నవ్వవలెను."

మరి ఈ కోపాలూ ఏడుపులూ నవ్వులూ ఎక్కడికి పోయాయంటారా? ఎక్కడికీ పోలేదు. పిల్లలు అన్నీ దాచుకుని, సాయంత్రం గంట కొట్టగానే గేటు బయటికి వెళ్ళి ఒక్కసారి విప్పేవాళ్ళు. పొద్దున్న కలం లాక్కున్న వాడికి అప్పుడు తగిలేది దెబ్బ. రెండో పీరియడులో పడిన పిల్ల అప్పుడు గుక్కపెట్టేది. మధ్యాహ్నం జోకుకి అప్పుడు కడుపు పట్టుకుని దొర్లేవాళ్ళు. పుల్లైసు బండివాడు ప్రాణం అరచేతిలో పెట్టుకుని బండిని పంచాయితీ ఆఫీసు దాకా జరుపుకున్నాడు. గేటు లోపల మాత్రం శాంతి సూచిక ఆకాశాన్నంటింది. కమలాక్షిగారికి ప్రశంసా పత్రం వచ్చింది.

అంతవరకూ గవర్రాజు ఎలాగో ఓర్చుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన కాగితం మాత్రం ఆయన గుండెల్లో రాయి పడేసింది.

"పరుల ప్రాంతములోనికి చొరబడుట, తాకి పారిపోవుట, ఒంటరిని గుంపుగా పట్టుకొనుట, ఈ మూడును శాంతికి భంగకరములు. కావున పాఠశాల ఆవరణయందు కబడ్డీ నిషేధించడమైనది. చదరంగము ఆడవచ్చును. రాజునకు హాని తలపెట్టరాదు."

"మేడమ్, పోటీలు నెత్తి మీదున్నాయండి! సాధన లేకుండా పిల్లల్ని ఎలా దింపనండీ?" అన్నాడు గవర్రాజు.

"పోటీలు క్రీడల శాఖవి. వాళ్ళకింకా శాంతి చేరలేదు. మనకి చేరింది," అన్నారు కమలాక్షిగారు. ఆవిడ కూడా కొంచెం బాధగానే అన్నారు. ఆవిడకి నూకరత్నం అంటే ఇష్టమే గాని, ఇష్టానికి జీవో లేదు.

గవర్రాజు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సత్తెమ్మ చేతులే కళ్ళ ముందు ఆడాయి. మూడోనాడు పొద్దున్నే, బడి పెట్టక ముందు, వంట షెడ్డు వెనకాల సుద్దతో గీతలు గీశాడు. "కూత గట్టిగా పెట్టకండర్రా. గుసగుసగా పెట్టండి," అన్నాడు. అలా లోకంలో మొట్టమొదటి గుసగుస కబడ్డీ కందలంకలో పుట్టింది.

నూకరత్నం ఏ పనైనా గుసగుసగా చేసే రకం కాదు. వారం తిరక్కుండానే కూత షెడ్డు రేకులు అదిరేలా లేచింది. సరిగ్గా ఆ కూతలోనే రాష్ట్ర శ్వాస సమన్వయాధికారి విద్యాధరరావుగారు చెప్పాపెట్టకుండా తనిఖీకి దిగారు. వెనక కమలాక్షిగారు, ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమిటిది?" అన్నారు విద్యాధరరావుగారు. "ఈ బాలిక ఏల కేకలు వైచుచున్నది?"

గవర్రాజుకి పై ప్రాణం పైనే పోయింది. పోయిన ప్రాణం ఏ దేవుణ్ణి తట్టి లేపిందో గాని, నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"కేకలు కాదండి సార్. ఏకశ్వాస సాధనండి. ఒక్క ఊపిరి మీద ఒకే మాటని జపించాలండి. ఊపిరి తెగితే సాధన చెడిపోయినట్టేనండి."

విద్యాధరరావుగారి కనుబొమలు లేచాయి. "ఒకే శ్వాసపైననా? మరి ఆ మధ్యనున్న రేఖ?"

"సమతుల్య రేఖండి. అక్కడ బయల్దేరి, అవతలున్న ప్రతికూల భావాల మధ్యకి ఒంటరిగా వెళ్ళాలండి. ఆ ఏడుగురూ కోపం, అసూయ, భయం వగైరాలండి. వాటిని పలకరించి, ఊపిరి చెడకుండా మళ్ళీ సమతుల్య రేఖకి వచ్చెయ్యాలండి."

"అవి పట్టుకొనినచో?"

"అదే కదండీ జీవితం," అన్నాడు గవర్రాజు.

విద్యాధరరావుగారు జేబులోంచి పెన్ను తీశారు. "ఆ చివరనున్న మరియొక గీత?"

"బోనస్ గీతండి. అంటే లోభమండి. దానికోసం వెళ్ళినవాళ్ళే ఎక్కువమంది దొరికిపోతారు."

"అద్భుతము! మరి వెలుపల కూర్చున్న ఆ బాలిక?"

"ఆ పిల్ల ఔటండి... అంటే వైరాగ్యమండి. తాకబడినవాళ్ళు బయట కూర్చుని ఊపిరి గమనించుకుంటారండి. తమ పక్షంవాళ్ళు అవతల ఒకరిని తాకి వస్తే మళ్ళీ లోపలికొస్తారండి. అది పునర్జన్మ."

పక్కన కమలాక్షిగారు నోరు తెరుచుకుని వింటున్నారు. పదేళ్ళుగా తన బడిలో ఇంత వేదాంతం జరుగుతోందని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

"నేనును ఒకపరి సాధన చేసెదను," అని విద్యాధరరావుగారు బూట్లు విప్పారు. వద్దనడానికి ఎవరికీ హోదా చాలలేదు. ఆయన కళ్ళు అరమోడ్చి, "కబడ్డీ, కబడ్డీ" అని మంత్రంలా జపిస్తూ గీత దాటారు. అవతల భయం స్థానంలో నిలబడ్డది నూకరత్నం. దాని దృష్టిలో గీత దాటినవాడు ఎవడైనా ఒకటే. ఒక్క దూకు దూకి ఆయన చీలమండ ఒడిసి పట్టింది. అధికారిగారు నిలువునా బోర్లా పడ్డారు. మిగతా ఆరు భావాలూ ఆయన మీద పడ్డాయి.

గవర్రాజు ఉద్యోగానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. అయితే కుప్ప కిందనుంచి "కబడ్డీ, కబడ్డీ" అని సన్నగా వినపడుతూనే ఉంది. మట్టి కొట్టుకున్న చెయ్యొకటి బయటికొచ్చి, పాక్కుంటూ పాక్కుంటూ సుద్దగీత మీద పడింది.

"తాకాను! గీత తాకాను!" అని లేచారు విద్యాధరరావుగారు. చొక్కా చిరిగింది. గ్రాంథికం ఎగిరిపోయింది. "ఏవయ్యా, చూశావా లేదా? ఏడుగురూ ఔటు! పాయింట్లు వెయ్యవేం?"

"మీకప్పటికే ఊపిరి ఆగిపోయిందండీ సార్!" అంది నూకరత్నం.

"ఎవరికే ఆగింది? నీకా వినపడలేదా? మాస్టారూ, ఈ పిల్ల తొండాట ఆడుతోంది! ఇంకో కూత పెడతాను, కాసుకోండి!"

మూడు కూతలు పెట్టారాయన. మూడుసార్లూ దొరికిపోయారు. వెళ్ళేముందు జీపులో కూర్చుని, ఒళ్ళంతా మట్టితో, మెరిసే కళ్ళతో, తాను రాసుకున్నదంతా మళ్ళీ గవర్రాజు చేత చెప్పించుకుని సరిచూసుకున్నారు. గవర్రాజు ఎగిరి గంతేశాడు. నిషేధం పోయింది, సాధనకి అడ్డులేదు, సీటు వచ్చినట్టే అనుకున్నాడు.

పిచ్చి మాస్టారు! ఆఫీసర్లకి మంచి పని నచ్చితే ఏమవుతుందో ఆయనకి తెలీదు.

జిల్లా పోటీల రోజున కందలంక జట్టు బస్సు దిగి మైదానంలోకి వచ్చేసరికి కోర్టుకి అటు ఏడు, ఇటు ఏడు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. శాంతి ఎట్టకేలకు క్రీడల శాఖకి చేరింది. అవతలి జట్టు వైపు, కోర్టు అంచునే, పొట్టి వేదిక. దాని మీద శాలువాలతో అధికారులు. మధ్యలో, కొండ దిగొచ్చిన పెద్ద అధికారిగారు. ఆయన పక్కన ఇస్త్రీ చొక్కాలో విద్యాధరరావుగారు మైకు అందుకున్నారు.

"ఏకశ్వాస సాధన నేటినుండి రాష్ట్రమంతటను అమలగుచున్నది. క్రీడాకారిణులు ఉద్రేకమునకు లోనుకాకుండుటకై ఆసీనులై, కనులు మూసికొని కూత పెట్టవలెను. గీతకు అవతలి వైపున స్పృశింపబడిన ప్రతి వ్యక్తియు, హోదాతో నిమిత్తము లేక, గీత వెలుపల కూర్చుండి, తన పక్షమువారు పునరుజ్జీవింపజేయు వరకు శ్వాసను గమనించవలెను."

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎలా తాకుతారని ఎవరూ అడగలేదు. ఉత్తర్వులో ఉంది, చదివారు.

రోజ్‌మేరీ మేడమ్ అప్పటికే సంచీ భుజాన వేసుకుంది. ఒకప్పుడు పేరున్న రైడరు ఆవిడ. "నేను పిల్లని తీసుకెళ్ళడానికొచ్చానా, కుర్చీ తీసుకెళ్ళడానికొచ్చానా? ఇందులో ఎవర్ని చూడమంటారండీ?" అని గవర్రాజు మీద విరుచుకుపడి, బస్సుకి టైమైందంది.

గవర్రాజు మైకు వంక చూశాడు. అవన్నీ తన నోట్లోంచి వచ్చిన మాటలే. గెలిపిద్దామని చెప్పిన అబద్ధమే గెలుపుకి అడ్డం పడింది. మైదానం చివర, పనికి సెలవు పెట్టి వచ్చిన సత్తెమ్మ ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వంక చూడలేక తల దించుకున్నాడు.

"మేష్టారూ," అని నూకరత్నం చెవిలో ఊదింది. "ముట్టుకుంటే హోదాతో పన్లేదన్నారు కదండీ? ఆ స్టేజీ కూడా అవతలి వైపే కదండీ?"

గవర్రాజు తలెత్తి ఆ పిల్ల మొహం చూశాడు. ముక్కు మీద కోపం కణకణలాడుతోంది. ఆయనకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "ఊపిరి మాత్రం ఆపకే తల్లీ," అన్నాడు.

విజిల్ మోగింది. నూకరత్నం కుర్చీలో కూర్చుని, బుద్ధిగా కళ్ళు మూసుకుని కూత అందుకుంది. "కబడ్డీ, కబడ్డీ..." వేదిక మీద తలలు తృప్తిగా ఊగాయి. అంతలో ఆ పిల్ల కళ్ళు తెరిచింది. కుర్చీ వెనక్కి ఎగిరిపడింది. ఒక్క అంగలో గీత దాటి, కళ్ళు మూసుకుని కూర్చున్న ఏడుగురు పిల్లల నెత్తులూ టపటపా తట్టుకుంటూ పోయింది. అక్కడ ఆగుతుందనుకున్నారు అందరూ. వేదికెక్కింది. శాలువాలు తట్టింది, మోకాళ్ళు తట్టింది, పెద్ద అధికారిగారి భుజం కూడా తట్టింది. కూత ఆగలేదు. మైదానమంతా లేచి నిలబడింది.

నూకరత్నం వెనక్కి దూకబోతుంటే విద్యాధరరావుగారికి లోపల్నుంచి ఏదో తన్నుకొచ్చింది. మూడు ఓటములు గుర్తొచ్చాయో ఏమో, "పట్టండి! పట్టండర్రా!" అని అరుస్తూ, ఇస్త్రీ చొక్కాతో సహా వేదిక మీదనుంచి ఎగిరి ఆ పిల్ల చీలమండ పట్టేశారు. నూకరత్నం పడింది. పడి ఆగలేదు. రాష్ట్ర శ్వాస సమన్వయాధికారిని వెనకాల ఈడ్చుకుంటూ, కూతతోనే, మోచేతుల మీద పాకి గీత తాకింది.

రోజ్‌మేరీ మేడమ్ సంచీ కింద పడేసి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది.

గవర్రాజు మైకు దగ్గరికి పరిగెత్తాడు. విద్యాధరరావుగారు అక్కడ వదిలేసిన ఉత్తర్వులోంచి ఆ ఒక్క వాక్యం చదివాడు. హోదాతో నిమిత్తము లేక. ఇంకోసారి చదివాడు. తమ సంతకంతో ఉన్న కాగితాన్ని కాదనడం అధికారులెవరికీ అలవాటు లేదు. ఒక్కొక్కరే శాలువాలు సర్దుకుని దిగొచ్చి, గీత బయట మట్టిలో చతికిలపడి కళ్ళు మూసుకున్నారు. విద్యాధరరావుగారు మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచారు. అవతలి ఏడుగురు పిల్లల్నీ, జట్టంతా ఔటైతే మళ్ళీ అందరూ దిగాలన్న ఆట నియమం ప్రకారం మళ్ళీ లోపలికి పిలిచారు. ఆట నియమం ఆడేవాళ్ళకి. అధికారులకి ఉత్తర్వే నియమం. వాళ్ళని పునరుజ్జీవింపజేయడానికి వాళ్ళ పక్షంలో లోపల ఎవరూ మిగల్లేదు.

కుర్చీలు తీసేశారు. అసలు కబడ్డీ అప్పుడు మొదలైంది.

పొద్దు వాలాక రోజ్‌మేరీ మేడమ్ నూకరత్నం చెయ్యి పట్టుకుని సత్తెమ్మ దగ్గరికి తీసుకొచ్చింది. "మీ అమ్మాయిని నాకిచ్చెయ్యండి," అంది. సత్తెమ్మ నానిపోయిన ఆ వేళ్ళతో కూతురి మొహం మీద మట్టి తుడిచి, అక్కడే కూలబడి భోరుమని ఏడ్చింది. ఎవరూ ఆవిడని ఊపిరి పీల్చుకోమనలేదు.

ఏడ్చి ఏడ్చి తేరుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఖాళీ అయిపోతున్న మైదానం వంక చూసింది. గీత బయట శాలువాల వరస అలాగే ఉంది. జీపు డ్రైవరు దగ్గరికెళ్ళి తాకబోయి, తను ఏ పక్షమో ఉత్తర్వులో లేదని గుర్తొచ్చి వెనక్కొచ్చేశాడు.

"మేష్టారండీ, ఆ బాబులంతా అలాగ్గా కూకున్నారేంటండీ?"

"ఊపిరి పీల్చుకుంటున్నారమ్మా."

"అయ్యో! మరి ఇన్నాళ్ళూ పీల్చుకునేవోరు కాదాండీ?"

గవర్రాజు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.